పైకి రాని మనిషి

నువ్వు పో, టీ తాగి వస్తానని కిందనే ఆగిన మనిషి ఇంకా పైకి రాలేదు. ఒక్క టీకి ఇంతసేపా, ఆకు కోసుకొచ్చి ఎండబెట్టి కాస్తున్నారా ఏమిటి ఈ ఖమ్మంలో, అనుకుంది సునంద, అనుకుని తలుపు వైపు చూసింది, తలుపు తెరుచుకుంది, ఒక ముసలాయనను ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు, తలుపు మూసుకుంది. కుర్చీలన్నీ ఒకే ఇనప పట్టీకి బిగించినవి, ఆ చివర కూర్చున్న బట్టతలాయన కాలు ఊపుతుంటే ఈ చివర కూర్చున్న ఆమె దాకా ఆ వణుకు వస్తోంది, ఆపమని చెప్పాలని ఉంది, చెబితే ఆపుతాడు, కాసేపటికి మరిచిపోయి మళ్లీ ఊపుతాడు, మళ్లీ చెప్పాలి, చెప్పి చెప్పి ఆపించడమూ ఆపిన మనిషి మళ్లీ మొదలుపెట్టడమూ ఇంట్లో ఉన్నదే చాలు, ఇక్కడ కూడా ఎందుకు. గోడ మీది టీవీలో ఎవరో నవ్వుతూ గుత్తొంకాయ కూర వండుతున్నారు, శబ్దం తీసేశారు, మనసు బాగాలేని వాళ్లూ వాళ్లను తీసుకొచ్చిన వాళ్లూ వరసగా కూర్చుని మాటల్లేని వంకాయల్ని చూస్తున్నారు. పేర్లు పిలిచే అమ్మాయి గది తలుపు కొంచెం తీసి, "ముత్యాలు, ముత్యాలు వచ్చిండా?" అంది. వస్తున్నాడు, కిందనే ఉన్నాడు అంది సునంద. "వచ్చినంక చెప్పండక్కా, అందాక వేరేటోళ్లను పంపుత," అని తలుపు మూసుకుంది ఆ అమ్మాయి. కిందనే ఉన్నాడు, కిందనే అంటే ఎక్కడ, ఆటో దిగినప్పుడే చూసింది ఆమె, టీ కొట్టుకు రెండు వైపులా ఏమేం ఉన్నాయో, ఎడమ వైపు జిరాక్సు, కుడి వైపు ఎర్ర అక్షరాల వైన్ షాపు, ఆ బోర్డు ఆయన చూడక ముందే ఆమె చూసింది, ఇప్పుడు అలాంటి బోర్డులు వెతకడంలో ఆయన కళ్లకన్నా ఆమె కళ్లే ముదిరిపోయాయి, ఏ ఊరికి పోయినా గుడి కన్నా ముందు అదే కనిపిస్తుంది, తాగేది ఆయన, చూపు పాడైంది ఆమెది.

ఫోన్ చేద్దామంటే ఆయన ఫోన్ ఆమె సంచిలోనే ఉంది, ఛార్జింగ్ లేదు నీ దగ్గర ఉంచు అన్నాడు, ఛార్జింగ్ లేకనో, మోగితే ఎత్తాల్సి వస్తుందనో. వెళ్లి చూద్దామంటే ఇక్కడ వంతు పోతుంది, వంతు పోతే ఈ డాక్టరమ్మ మళ్లీ వచ్చే వారం గాని కూర్చోదు, వచ్చే వారం దాకా ఆయనను ఈ మాట మీద ఎవరు నిలబెట్టాలి, నిన్న సాయంత్రం నుంచి బతిమాలి, బెదిరించి, అన్నం ముందు పెట్టి బతిమాలి, తెల్లారి టేకులపల్లిలో బస్సు ఎక్కించేసరికే ఆమె సగం మనిషి అయింది. ఇంతకు ముందు ఎన్ని గుమ్మాలు. తాగుడు మాన్పించే సెంటరుకు తీసుకుపోతే ముప్పూటలా తాళం వేసి ఉంచారు, తెల్లవారి ప్రార్థన చేయించారు, తాగనని అందరి ముందు చెప్పించారు, అంతా బాగానే ఉంది, నిద్రలో లేచి గోడలు చరుస్తున్నాడు, పక్క మంచాల వాళ్లు భయపడుతున్నారు అని ఫోన్ చేశారు, వచ్చి తీసుకుపోండమ్మా, మాది తాగుడు మాన్పించే పని వరకే, ఇది మనసు జబ్బు, ముందు దానికి చూపించుకొని రండి అన్నారు. మనసు జబ్బుకు చూపిద్దామని వేరే ఊళ్లో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన తల కూడా ఎత్తలేదు, వాసన తగిలిందేమో, ముందు తాగుడు మాన్పించి తీసుకురా తల్లీ, తాగే మనిషికి నేను మందు రాస్తే లాభం లేదు అన్నాడు. ముందు అది అని వీళ్లు, ముందు ఇది అని వాళ్లు. బంతిలాగా ఇటు కొడితే అటు, అటు కొడితే ఇటు, బంతికి ఏమీ తెలియదు, అది తాగి పడుకుంటుంది, బంతి వెనక ఉరికే మనిషికి కదా మోకాళ్లు అరిగేది. మనిషి ఒక్కడే కదా సారూ, తలా పేగులూ ఒక ఒంట్లోవే కదా, ఒక పూట తల తెస్తా, ఇంకో పూట పేగులు తెస్తా అంటే ఎట్లా, అని ఆ డాక్టరును అడగవలసింది, అడగలేదు, ఇలాంటి మాటలన్నీ తిరుగు బస్సు ఎక్కాకే నోటికొస్తాయి.

పక్క కుర్చీలో ఉన్నామె పర్ణశాల అవతలి ఊరి మనిషి, జంపక్క అని ఇందాకే చెప్పింది, వెదురు చేటంత వెడల్పు ముఖం, ఒళ్లో మూట. ఆమె అవతల ఆమె తమ్ముడు నిక్కరు మీద తువ్వాలు పరుచుకుని ఊరికే కూర్చున్నాడు. ఆమె తమ్ముడితో వాళ్ల కోయ మాటలో ఏదో అంది, అతను నవ్వాడు, మందులు మింగే మనిషి ఇలా నవ్వడం సునంద ఎక్కడా చూడలేదు, ఆ నవ్వు చూస్తే ఆమెకు సంతోషం రావలసింది, చిరాకు వచ్చింది.

"మీ ఆయన ఇంక రాలేదా చెల్లె?" అంది జంపక్క.

"వస్తడు. వచ్చేటప్పుడు ఏం తాగొస్తడో అది చూడాలె."

"మావోడు గూడ గట్లనే. తాగుడు ఆగెటందుకు గోలీలు ఇచ్చిన్రు ఒకకాడ. తాగుడు ఆగింది. ఆగంగనే ఇంట్ల ఒక మూలకు కూసుని బతుకనంటడు. తిండి లేదు, మాట లేదు. తాగినప్పుడే నయముండె అనుకున్న."

"ఇక్కడికొచ్చినంక?"

"ఈడ రెంటికీ కలిపి ఇచ్చిన్రు. వారం వారం మాట్లాడిపిస్తరు, నన్ను గూడ కూసోబెడ్తరు."

"మానిండా మరి?"

"మానిండు. మళ్ల తాగిండు. మళ్ల తోల్కొచ్చిన. ఇప్పుడైతే తాగుతలేడు." అంతే చెప్పింది జంపక్క, పొలంలో ఒక కారు పంట పోయింది, ఒక కారు పండింది అన్నట్టుగా, చెప్పి మూట విప్పి మొక్కజొన్న పేలాలు గుప్పెడు తీసి సునంద చేతిలో పోసింది. మళ్లీ తాగాడట, మళ్లీ తోలుకొచ్చిందట. ఎక్కడ దొరుకుతుంది ఈ ఓపిక, ఎవరైనా సంతలో అమ్ముతారా, సునందకు ఉన్నదంతా మూడేళ్లలోనే అయిపోయింది, ఇప్పుడు గిన్నె అడుగున గీకుతోంది.

అసలు ఆయన తాగుబోతు కాడు, ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు, తాగుబోతు పెళ్లాలందరూ ఇదే అంటారట, కానీ కాడు. గనిలో పనిచేసే వాళ్లు జీతం నాడు తాగితే తాగుతారు, ఆయన ఆ నాడు కూడా ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చుని మాట్లాడేవాడు, స్నానం చేసినా కళ్ల చుట్టూ కాటుకలాగా బొగ్గు మిగిలిపోయేది, ఆ కళ్లతో ఆ రోజు గనిలో ఎవడేమన్నాడో, సూపర్‌వైజర్ ఎట్లా తుమ్మాడో అన్నీ చేసి చూపించేవాడు, ఎక్కువ చెప్పేది దస్రు ముచ్చట్లే, దస్రు ఇట్లన్నాడు దస్రు అట్లన్నాడు, టేకులపల్లి పక్క తండా పిల్లగాడు, ఈయన కింద పని నేర్చుకున్నాడు, సీతాఫలాల కాలంలో తువ్వాల నిండా మోసుకొచ్చి వదినా ఇవి బియ్యంలో పెట్టు అనేవాడు. నువ్వు దస్రును చేసుకోకపోయినవా నన్నెందుకు చేసుకున్నవ్ అని ఆమె ఒకసారి అంటే ఆయన నిజంగానే ఆలోచించినట్టు ముఖం పెట్టాడు. కరోనా తగ్గిన ఏడాది వానాకాలం, రెండో షిఫ్టులో పైబండ కూలింది. గని గేటు దగ్గర ఆడవాళ్లందరూ కొంగులు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు, తెల్లవార్లూ నిలబడ్డారు, పొద్దున్నే ముందు ఈయనను తెచ్చారు, బతికి ఉన్నాడు, కాలి మడమ ఒక్కటే చితికింది, ఆమె అక్కడే కూలబడి ఏ దేవుడికి మొక్కిందో ఆమెకే తెలియదు, ఆ తర్వాత దస్రును తెచ్చారు, గుడ్డ కప్పి. మడమ అతుక్కుంది. కంపెనీ వాళ్లు గని లోపలికి వద్దు, పైన పని చెయ్యి అన్నారు, లోపలికి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో వేశారు. అందరూ అదృష్టవంతుడన్నారు. ఆ అదృష్టవంతుడు ఇంటికొచ్చి ఒక్క ముచ్చట చెప్పలేదు, అప్పటి నుంచి ఈనాటి దాకా చెప్పలేదు, దస్రు పేరు ఎత్తితే లేచి బయటకు పోతాడు, పోయి తాగి వస్తాడు. పోయిన వాళ్లు పోయారు, ఉన్న వాళ్లం బతకొద్దా, అని ఆమె మంచిగానూ చెప్పింది, చెడ్డగానూ చెప్పింది.

సంచిలో ఫోన్ మోగింది, తీసి చూస్తే ఆమెదే, జూలూరుపాడు నుంచి పెళ్లివారమ్మాయి. "అక్కా, జాకెట్లు అయినయా? వెనకాల తాళ్లు పెట్టుమన్న, యాదికున్నదా?" ఉన్నది, అన్నీ యాదికున్నాయి, తాళ్లు, ముత్యాల అంచు, ఒక భుజం కొంచెం దింపాలని, ఇంటి దగ్గర మిషను మీద నీ జాకెట్టు ఒక చేయి లేకుండా పడి ఉన్నదని, ఆ చేయి కుట్టవలసిన మనిషి వంకాయలు చూస్తూ కూర్చున్నదని. "అయితయి చెల్లె, రేపిస్త," అంది. పెట్టగానే మళ్లీ మోగింది, ఈసారి కూతురు భాను, కాలేజీలో భోజనాల గంటేమో, వెనక గోల. "డాక్టర్ చూసిందా అమ్మా?" ఇంకా లేదంది. "నాయిన ఏడి?" టీ తాగ పోయిండు అంది. గోలకు దూరంగా జరిగినట్టుంది ఆ పిల్ల, నెమ్మదిగా, "అమ్మా, ఇగ వదిలెయ్యి. నువ్వు నా దగ్గరికి రా, ఇద్దరం ఒక రూమ్ తీసుకుందాం. నువ్వు ఈడ కుట్టుకోవచ్చు," అంది. ఎంత మామూలుగా అంది. సునందకు కోపం వచ్చింది, తండ్రిని అంత మాట అంటావా అని కాదు, ఆ మాట విన్నప్పుడు తన ఒళ్లంతా బరువు దిగినట్టు అనిపించినందుకు. గది, ఒక కిటికీ, మిషను, పక్కన పిల్ల, ఎవరి నోరూ వాసన చూడనక్కరలేని సాయంత్రం. "తర్వాత మాట్లాడుదాం బిడ్డా," అంది.

వదిలెయ్యడం చేతకాక కాదు. ఒకసారి గెలిచామనుకుంది కూడా. పోయినేడు మాల వేయించింది, అత్త చెప్పింది, దేవుడి మాల మెళ్లో ఉంటే ఏ మొగాడైనా సీసా ముట్టడు అని, నిజమే, ముట్టలేదు, కాషాయం కట్టి, చన్నీళ్ల స్నానం చేసి, చెప్పుల్లేకుండా తిరిగాడు, వాడకట్టంతా స్వామీ స్వామీ అన్నారు, మామూలుగా ముత్యాలుగా అని పిలిచేవాళ్లే. కానీ పడుకునేవాడు కాదు. గోడకు ఆనుకుని కూర్చుని పెదవులు కదిపేవాడు, దేవుడి పేరు చెప్పుకుంటున్నాడనుకుని ఆమె దుప్పటి ముసుగు పెట్టుకునేది, కళ్లు గుంటలు పడ్డాయి, అన్నం ముద్ద చేతిలోనే ఉండగా కునుకు పట్టి ఉలిక్కిపడి లేచేవాడు. భద్రాచలం పోయి, గోదాట్లో మునిగి, మాల తీశాడు, తీసిన చెయ్యి ఇంకా తడి ఆరలేదు, బస్టాండు వెనక్కి పోయి వచ్చాడు, వచ్చి బస్సులో ఆమె భుజం మీద పడి ఇల్లు చేరేదాకా మొద్దులా నిద్రపోయాడు. ఆమె ఒంటి మీద అంత బరువున్న మనిషి, ఆ వాసన, కిటికీలో అడవి, వచ్చే చెట్టు పోయే చెట్టు. దేవుడు కూడా ముందు అది అన్నవాళ్ల జట్టే, తాగుడు ఒక్కటే ఆపి చేతులు కడుక్కున్నాడు. ఇంటికొచ్చాక అత్త ఏమన్నది, పెండ్లాం సరిగ్గుంటే మొగడు ఎందుకు తాగుతడు అన్నది. మీ కొడుకు ఎందుకు తాగుతడో నాకు తెలిస్తే నేను గిట్ల ఎందుకుంటా అత్తా, అని మొదటిసారి గొంతు లేపింది, అత్త అలిగి కూతురింటికి పోయింది, అదొక్కటే ఆ ఏడు జరిగిన మంచి.

తలుపు మళ్లీ తీసి ఆ అమ్మాయి, "ముత్యాలు?" అంది. ఈసారి సునంద జవాబు చెప్పకుండా లేచింది. "అక్కా, జర నా సంచి చూడు," అని జంపక్క ఒళ్లో సంచి పెట్టి బయటకు వచ్చింది, లిఫ్టు మీట నొక్కింది, అది రాదు, మళ్లీ నొక్కింది, రాదు, కింద ఎవడు పట్టుకున్నాడో దాన్ని, మెట్లకేమో కొత్త రాళ్లు వేసి తాడు కట్టారు, ఎక్కడ చూసినా ఆమెకే అడ్డం. దొరకాలి, ఇవాళ దొరకాలి, ఆ షాపు ముందే నిలబెట్టి అందరి ముందు అడుగుతా, తర్వాత నేరుగా బస్టాండు, ఆయన ఒక బస్సు, నేను ఒక బస్సు. లిఫ్టు వచ్చింది, దిగింది, తలుపులు తెరుచుకున్నాయి.

ఎదురుగా ఆయనే ఉన్నాడు. గోడకు వీపు ఆనించి, రెండు అరచేతులూ గోడకు పరిచి, చొక్కా అంతా చెమటతో ఒంటికి అతుక్కుని. పక్కన వాచ్‌మన్ ఒక చెయ్యి ఆయన ఛాతీకి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ఈయన మీ మనిషేనా అమ్మా?" అన్నాడు వాచ్‌మన్ విసుగ్గా. "ఎక్కుతడు, తలుపు మూసుకునే యాళ్లకు చేతులు అడ్డం పెట్టి బయటికి దుంకుతడు. మళ్ల ఎక్కుతడు. దుంకుతడు. మంది ఎక్కేటట్టు లేదు, దిగేటట్టు లేదు. మెట్ల మీదికెళ్లి పోతనంటడు, పచ్చి సిమెంటు, ఎట్ల పోనియ్యాలె?"

ఆమె దగ్గరికి వెళ్లింది. వెళ్లగానే తగిలింది వాసన. అందరి ముందు అడుగుదామనుకున్న వాటిలో మొదటిదే అడిగింది.

"తాగినవా?"

"జరంత."

"ఎందుకు?"

ఆయన లిఫ్టు వైపు చూశాడు, అది ఎవరూ లేకుండా తలుపులు మూసుకుంటోంది. "దాంట్ల ఎక్కుదామని," అన్నాడు. "ఒట్టిగ రెండుసార్లు చూసిన. కాలే. జరంత తాగితే ఎక్కగలుగుత అనుకున్న. నీ వంతు పోతదని."

నీ వంతు అన్నాడు. జబ్బు ఆయనది, వంతు ఆమెది. నవ్వాలో ఏడవాలో తెలియని కోపం వచ్చింది సునందకు, డాక్టరు దగ్గరికి పోవడానికి తాగిన మనిషిని ఏమనాలి, పొద్దున్నుంచి ఒక్క చుక్క ముట్టని మనిషి, పెళ్లాం చూపు తప్పితే చాలనుకున్న మనిషి కాదు, పైకి రావడానికి తాగాడు. ఇప్పుడు ఏమవుతుందో ఆమెకు తెలుసు, తాగి వచ్చాడు, తీసుకుపొమ్మంటారు. సరే, ఆ మాట వినేసి పోదాం, మా వంతు తీసెయ్యండి అని చెప్పేసి పోదాం. "ఈడనే ఉండు," అని ఆయనతోనూ, "పట్టుకో అన్నా," అని వాచ్‌మన్‌తోనూ అని, ఆమె మళ్లీ పైకి వచ్చి, పేర్లు పిలిచే అమ్మాయిని దాటుకుని, తలుపు తోసుకుని లోపలికి పోయింది.

డాక్టర్ శోభారాణి అద్దాలు పైకి నెట్టి చూసింది, చిన్న మనిషి, తలలో సగం తెలుపు, బల్ల మీద సగం తిన్న అరటిపండు.

"ముత్యాలు భార్యను మేడం. తాగిండు. తీస్కపోతున్న."

"తాగితే తాగిండు. ఎక్కడున్నడు?"

"కింద."

"పైకి ఎందుకు రాలే?"

"లిఫ్టు ఎక్కడట. తలుపు మూస్తే దుంకుతున్నడట. దాన్ని ఎక్కేటందుకే తాగిండట." చెబుతుంటే ఆమె గొంతు పెరిగింది. "నేనేం జెయ్యాలె మేడం? తాగుడు మానంగనే పిచ్చిలేస్తది, పిచ్చికి చూపిద్దామంటే తాగుడు మానాలంటరు. ఏది ముందో మీరన్న చెప్పున్రి, అది పట్టుకుని తిరుగుత."

"గనిలో చేసేవాడా?" అంది డాక్టరు. అవునంది సునంద. ఇంకేమీ అడగకుండా ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "నడు. కిందనే చూద్దాం," అంది. జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు వెనక పరుగెత్తింది సునంద.

మందుల షాపు పక్కన బండ్లు పెట్టే రేకుల షెడ్డు ఉంది, నాలుగు వైపులా తెరిపి. అక్కడ సిమెంటు అరుగు మీద ఆయనను కూర్చోబెట్టి డాక్టరు కూడా అదే అరుగు మీద కూర్చుంది, మోటారు సైకిళ్ల మధ్య. నాడి చూసింది, నీళ్లు తాగించింది, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత తాగుతారు అని అడుగుతుందనుకుంది సునంద, జవాబులు నోట్లో సిద్ధంగా పెట్టుకుంది, ఎన్నిసార్లు చెప్పిందో ఆ జవాబులు. డాక్టరు అడగలేదు.

"తలుపు మూసుకుంటే ఏమైతది మీకు?" అంది.

ఆయన రోడ్డు వైపు చూశాడు. ఒక స్కూటరు వచ్చి ఆగింది, ఎవరో దిగి మందుల షాపులోకి పోయారు.

"చీకటి," అన్నాడు చివరికి. "నడుమల బండ మేడం. అవతల వాడు, ఇవతల నేను. చెయ్యి దూరేంత సందు లేదు. మాట ఒక్కటే దూరుతది. అన్నా, మాట్లాడుకుంటనే ఉండు, ఆపకు అన్నడు. మాట్లాడిన. ఇంటి ముచ్చట, పొలం ముచ్చట, అన్ని చెప్పిన. ఈమె నాకు ఒక అంగీ కుట్టింది కొత్తల, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి, అది చెప్పిన. నవ్విండు మేడం. బండ కిందికెళ్లి నవ్విండు." ముఖం మీది చెమట తుడుచుకున్నాడు. "గాలి తక్కువైంది కదా. కన్ను మూతబడ్డది. నిద్రపోయిన. ఎంతసేపు పోయిన్నో. లేచి పిలిస్తే పలుకలే."

"ఇప్పుడు?"

"కన్ను మూస్తే పిలుస్తడు. అన్నా, మాట్లాడు అంటడు. తాగితే పిలువడు. తాగితే అది నిద్ర గాదు మేడం, పడిపోవుడు. పడిపోతే తప్పులేదు కదా."

ఆ అంగీ సునందకు గుర్తుంది, పెళ్లయిన కొత్తలో, నీలం గీతలది, తిరిగి కుడతానంటే ఇవ్వకుండా అట్లాగే వేసుకుని తిరిగాడు, అది అంత లోతుకు పోయిందని, ఆ చీకట్లో ఒక మనిషిని నవ్వించిందని ఆమెకు తెలియదు. మాల వేసుకున్నప్పుడు గోడకు ఆనుకుని కదిపిన పెదవులు దేవుడి కోసం కాదు, దస్రు పిలవక ముందే పలుకుతున్నాడు, ఆపకుండా ముచ్చట చెబుతున్నాడు, ఆమె పక్కనే దుప్పటి కప్పుకుని పడుకుంది. జాలి రావలసిన చోట మళ్లీ కోపమే వచ్చింది, మూడేళ్లు, మూడేళ్లు ఇంత మాట కడుపులో పెట్టుకుని.

"నాకు చెప్పొద్దా?" అంది. "ఒక్కనాడన్న నాకు చెప్పొద్దా ఈ మాట?"

ఆయన తల ఎత్తి చూశాడు. తప్పు పట్టినట్టు లేదు, ఉన్నదే చెప్పినట్టు ఉంది. "నువ్వెప్పుడు తాగుడే అడిగినవ్ సునందా. తాగినవా, ఎంత తాగినవ్, ఎవనితోని తాగినవ్. గదే అడిగినవ్."

ఇంకేం అడగాలి, ఇల్లు కూలుతుంటే ఏం అడుగుతారు ఎవరైనా, అనుకుంది ఆమె. డాక్టరు సునంద వైపు తిరిగింది. "ఉత్త తాగుడే మాన్పిస్తే ఆ పిలుపు వస్తది. ఉత్త పిలుపుకే మందిస్తే ఆ మందు మీద తాగుతడు, ఏదీ పనిచెయ్యదు. అందుకే ఇన్నిసార్లు తిరిగి మొదలైంది. రెండిటికీ ఒక్కసారే మొదలుపెడదాం. ఇక్కడే కింద వార్డుంది, కొన్నాళ్లు ఉండాలె. మందులుంటయి, ఇప్పుడు చెప్పిన మాట ఉంది చూడు, అది మళ్ల మళ్ల చెప్పిపిస్త, నువ్వు కూడ వినాలె."

"మళ్ల తాగితే?"

"తాగొచ్చు. తాగితే దాచకుండ అదే రోజు తీసుకురా. సగంల వదిలేస్తేనే నష్టం."

"ఎన్నాళ్లు మేడం?"

"చెప్పలేను," అంది డాక్టరు. ఇన్ని గుమ్మాలు తిరిగితే అందరూ ఇన్నాళ్లని ఖాయంగా చెప్పారు, చెప్పలేనన్నది ఈమె ఒక్కతే, అదే కొంచెం నమ్మబుద్ధి పుట్టించింది, నమ్మినందుకు మళ్లీ తన మీద తనకే విసుగు.

వార్డు వెనక వైపు ఉంది, కిటికీలు పెద్దవి, బయట ఎవరో చీరలు ఆరేశారు. నర్సు తలుపు వెయ్యబోతే ఆయన లేచి కూర్చున్నాడు, వెయ్యనులే అని ఆమె తలుపుకు ఒక కుర్చీ అడ్డం పెట్టింది. తాగింది దిగేదాకా నిద్రమందు ఇవ్వనని డాక్టరు చెప్పి పోయింది, చేతికి సెలైన్ పెట్టారు. జంపక్క సంచి తెచ్చి ఇచ్చి, తమ్ముణ్ని వెంటబెట్టుకుని భద్రాచలం బస్సుకు పోయింది. సునంద భానుకు ఫోన్ చేసి, నాయినను ఉంచుకుంటున్నారు, నేనూ ఉంటున్నా అంది, ఆ పిల్ల మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు, సాయంత్రం బట్టలు తెస్తానంది. అప్పటికి మధ్యాహ్నం ఎండ మంచం మీదికి వచ్చింది. ఆయన కళ్లు వాలుతున్నాయి, వాలినప్పుడల్లా ఒళ్లు ఒక్క గుంజు గుంజుకుని తెరుచుకుంటున్నాయి.

"సునందా."

"ఏంది?"

"కన్ను మూతబడుతుంది."

"పడనీ."

"వద్దు." చెయ్యి చాపి మంచం పట్టీ పట్టుకున్నాడు. "నువ్వు మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. తిట్టు."

తిట్టమంటే తక్కువా. ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టింది, ఈ దుప్పటి చూడు, ఎన్ని నీళ్లలో ఉతికిన్రో, మన ఊరి దోభీ నయం, ఆ ఫ్యాను చూడు, తిరుగుతుందా నడుస్తుందా, ఆ చీరలు ఎవరివో గాని ఆ ఆకుపచ్చదానికి రంగు దిగుతున్నది పక్క దానికి, ఆరేసుడు గూడ రాదా మనిషికి, పొద్దున బస్సుల ఆ కండక్టర్ నిన్ను ముసలోడు అనుకుని సీటిప్పిచ్చిండు, నేను ఏమన్లే, నవ్వొచ్చింది, నీకు అంత వయసు ఏడున్నది, గడ్డం తీసుకుంటె మనిషి లెక్క ఉంటవ్ కదా, రేపు ఎవరినన్న పిలిపిస్త, మీ అమ్మ ఫోన్ చేస్తే ఏం చెప్పాలె, తీర్థం పోయినమని చెప్పాల్నా, చెప్పు, చెప్పకు, నేనే చెప్పుకుంట, నీకు చెప్పుడు ఎప్పుడొచ్చింది గనక. ఆయన వేళ్లు మంచం పట్టీ మీద సడలాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఒకసారి ఉలిక్కిపడ్డాడు, "ఈడనే ఉన్న, వింటున్నవా, ఆ గేటు కాడ నిలబడ్డప్పుడు నా చెప్పు తెగింది, అది గూడ నీకు చెప్పలే," అని ఆమె అందుకుంది, ఒళ్లు మళ్లీ మంచానికి ఆనింది.

నర్సు వచ్చి సెలైన్ చూసి, ఆయన ముఖం చూసి, నిద్రపోయాడు, ఇంక చాలు, నువ్వు కూడా కొంచెం నడుం వాల్చు అన్నట్టు చేత్తో సైగ చేసింది. సునంద సరేనన్నట్టు తల ఊపింది, కొంగుతో మెడ తుడుచుకుంది, గొంతు తగ్గించి, "ఇంకోటి విను," అంది.